మైలుతుత్తం కలిపిన జిగురు

పాప పెదవుల మీద నీలం కనిపించగానే నా చేతిలో కత్తెర ఆగిపోయింది. జిగురు గిన్నె దాని ఒళ్లో ఉంది. వేలు ఇంకా నోట్లోనే ఉంది.

మాది రాయగడలో కాగితం మిల్లు క్వార్టర్సు. ఆయన షిఫ్టుకు వెళ్తే పిల్లలిద్దరి గొంతులు తప్ప ఇంట్లో మరో మాట వినిపించదు. ఆయన తెచ్చే రంగుకాగితాల ముక్కలతో బొమ్మలు అతికించడం అలా అలవాటైంది. మొదట్లో బొమ్మల కాలేజీలో నేర్పినట్టే, గోరంత చదరాలు కత్తిరించి సందు లేకుండా పేర్చేదాన్ని. అలా చేసిన భీమిలి సముద్రం బొమ్మను వానాకాలంలో బొద్దింకలు మైదా జిగురు కోసం సగం కొరికేశాయి. చూపించుకోవడానికి ఎవరూ లేని ఊళ్లో ఉన్న ఒక్క బొమ్మా పోయిందని ఏడ్చాను. బస్టాండు దగ్గర పుస్తకాలు బైండు చేసే ఆయన పురుగులు చచ్చే నీలం రంగు విషం, మైలుతుత్తం, జిగురులో కలపమన్నాడు. ఇక పురుగు ముట్టలేదు. ధైర్యం వచ్చి పెద్ద అట్టల మీద కొండలూ, సంతకు దిగే ఆడవాళ్లూ చేయసాగాను. ముక్కలు మాత్రం ఇంకా చిన్నవయ్యాయి. ఒక్కో బొమ్మకు నెలలు పట్టేది.

పాపను ఎత్తుకుని పక్కింటికి పరిగెత్తాను. బొబ్బిలి వైపు నుంచి వచ్చిన పిన్ని బియ్యం చెరుగుతోంది.

"పిన్నీ, ఇది జిగురు నాకేసింది!"

"నాకితే నాకింది. పిండే కదా, అట్టు తిన్నట్టే. దానికింత గాబరా ఏటమ్మీ?"

"అందులో మైలుతుత్తం కలిపేను."

చేట కింద పడింది. "ఓలమ్మో! మరి నిలబడ్డావేటే? పరిగెట్టు! పెద్దోణ్ణి నాను సూస్తాను."

మిల్లు ఆసుపత్రికి చేరేలోపే పాప నా చీర మీద నీలంగా కక్కింది. డాక్టరు కడుపు కడిగారు. సాయంత్రం దాకా ఉంచి, మింగింది కొంచెమే, భయం లేదన్నారు.

ఇంటికొచ్చి గోడల వంక చూశాను. ప్రతి బొమ్మ వెనకా అదే విషం. దించి అటక మీద పెట్టబోయాను. రేపు పెద్దయ్యాక వీళ్లు అటక ఎక్కరా? పెరట్లో గొయ్యి తవ్వి అన్నీ పూడ్చేశాను. ఆయన ఇంకా డ్యూటీలోనే ఉన్నారు. చేతులు కడుక్కుని బోసి గోడల మధ్య కూర్చున్నాను.

పొద్దున లేస్తూనే బాబు అడిగాడు, "బొమ్మలేవమ్మా?"

"తీసేశాను. ఇకనుంచి గంజితోనే అతికిద్దాం."

"బొద్దింకలు తినేస్తాయి కదా!"

"తిననీ నాన్నా. కత్తెర కూడా వద్దు. నువ్వూ చెల్లీ పెద్ద పెద్ద ముక్కలు చింపి ఇవ్వండి, నేను అతికిస్తాను. అవి తినేస్తే ఇంకోటి చేసుకుందాం."