స్తంభం కాడ మనిషి

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను ప్రొద్దుటూరు నుంచి లింగాల వైపు ఒక సెక్షన్‌కు లైన్‌మన్‌గా మార్చారు. తొమ్మిదో తరగతిలో బడి మానేసి, స్తంభాలు మోసే కూలీగా కరెంటు పనిలోకి వచ్చినవాణ్ణి. లైన్‌మన్‌కు పైన లైన్ ఇన్‌స్పెక్టరు, ఆ పైన ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, కింద అసిస్టెంట్ లైన్‌మన్ ఉంటారు. చుట్టూ రైతులుంటారు. తిట్లు ఎక్కువగా చుట్టుపక్కల నుంచే వచ్చేవి.

ఆ తిట్లకు జవాబుగా మా ఉద్యోగంలో ఒక భాష తయారైంది. దాన్ని ఏ బడిలోనూ చెప్పరు గనుక నాకు బాగా అబ్బింది. అందులో అబద్ధం ఒక్కటీ ఉండదు. ‘పైకి చెప్పినాం’ అంటే ఏఈ గారికి చెప్పాం. ఆయన విన్నాడో లేదో మాకు సంబంధం లేదు. ‘ఈ పొద్దే చూస్తాం’ అంటే చూస్తాం, బాగుచేస్తామని ఎవరన్నారు? అన్నిటికన్నా గొప్పది నేను స్వయంగా తయారుచేసిన మాట: ‘మన మనిషి స్తంభం కాడనే ఉండాడప్పా.’ మనిషీ ఉండేవాడు, స్తంభమూ ఉండేది. టీకొట్టు ముందు కూడా స్తంభం ఉంటుంది కదా. ఆ మాట మా సెక్షన్ దాటి పులివెందుల, జమ్మలమడుగు దాకా పోయిందని విని మీసం తిప్పాను.

ఒక మధ్యాహ్నం ఓబులేసు అనే రైతు చీనీ తోట, అంటే బత్తాయి తోట, దగ్గరికి పోయాం. ముందురోజు సుడిగాలికి అక్కడ పదకొండు కేవీ లైన్‌లో జంపర్ తెగింది. జంపర్ అంటే స్తంభం మీద రెండు తీగలను కలిపే ముక్క. అది తెగితే అవతలి మోటార్లు ఆగిపోతాయి, ఇవతలివి తిరుగుతూనే ఉంటాయి. ఓబులేసుది అవతలి వైపు. కాయ పట్టిన చెట్లు వాడిపోతున్నాయి.

“నిన్నట్నించి స్తంభం కాడ మనిషి ఉండాడంటివే మామా, వానికి వేర్లు పట్టినాయా ఏంది?” అన్నాడు.

“పట్టింటే నీ చీనీ చెట్లకన్నా పచ్చగా ఉండేటోడప్పా,” అన్నాను.

లైన్ మీద పనిచేయాలంటే ముందు ఎల్సీ, అంటే లైన్ క్లియర్, తీసుకోవాలి. సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్ కరెంటు ఆపే బ్రేకర్ తీసి, లైన్‌ను విడదీసే ఐసోలేటర్ తెరిచి, ఎల్సీ నంబరు చెబుతాడు. మిగిలిన కరెంటు భూమిలోకి పోయేలా తీగలకు ఎర్త్ రాడ్లు తగిలించాకే చెయ్యి పెడతాం. ఆ రోజు ఆపరేటర్ గంగులయ్య. నాతో వచ్చిన అసిస్టెంట్ లైన్‌మన్ దావీదు నా ఈడువాడే. రైతుల గోల పడలేక, నేను ఫోన్ కలిపేలోగానే బెల్టు కట్టుకుని సగం స్తంభం ఎక్కేశాడు.

లైన్ ఆపావా అని గంగులయ్యను అడిగాను.

“బ్రేకర్ కాడ మనిషి ఉండాడు మామా, పని కానీ!” అన్నాడు.

ఫోన్ స్పీకర్‌లో అది విని దావీదు ఇంకో అడుగు పైకి వేశాడు. నేను మాత్రం ఆ మాట దగ్గరే ఆగాను. మనిషి ఉన్నాడు, బ్రేకరూ ఉంది. ఆ మనిషి బ్రేకర్‌ను ఏం చేశాడన్నది ఆ మాటలో లేదు.

“దావీదూ, ఆడనే ఆగు! చెయ్యి ఎత్తొద్దు!” అని అరిచాను. “ఓబులేసూ, గట్టెక్కి ఇవతలి తోటలో మోటారు తిరుగుతాందేమో చూడప్పా!”

“నీళ్ళు పారతాండాయి మామా. శానా బాగా పారతాండాయి!”

దావీదు ఎక్కినదానికన్నా వేగంగా దిగాడు.

“మనిషి సంగతి నాకొద్దు గంగులయ్యా. నువ్వు ఆపినావా? నంబరు చెప్పు,” అన్నాను.

అప్పుడు గాని అసలు సంగతి బయటపడలేదు. వాచ్‌మన్ నిజంగానే బ్రేకర్ పక్కన నిలబడి గంగులయ్య మాట కోసం చూస్తున్నాడట. ఈయన అన్నం ముందు కూర్చున్నాడట.

“ఇదో, పోతాండా మామా.”

కొద్దిసేపటికి ఓబులేసు గట్టు మీది నుంచి “సన్నబడింది... నిలిచిపాయ!” అని కేకేశాడు. ఆ తర్వాత నంబరు వచ్చింది. ఎర్త్ రాడ్లు వేశాం. దావీదు మళ్ళీ ఎక్కాడు. పొద్దు గూకకముందే ఓబులేసు మోటారు నీళ్ళు పోసింది.

తిరిగిపోతూ సబ్‌స్టేషన్‌లో ఆగి, ఆ మాట ఎక్కడ నేర్చుకున్నావని గంగులయ్యను నిలదీశాను.

“నీదే గదా మామా! స్తంభం తీసి బ్రేకర్ పెట్టినా, అంతే.”

దావీదు నా వైపు చూశాడు. నేను కనపడిన స్తంభం వైపు చూశాను.

ఆనాటి నుంచి నా సెక్షన్‌లో ఎల్సీకి మనిషి ఉన్నాడన్న మాట చెల్లలేదు. ఏది ఆపారు, నంబరెంత, అంతే. నేను రిటైరయ్యేదాకా మా వాళ్ళెవరికీ లైన్ మీద దెబ్బ తగల్లేదు. ఆ సంగతి మీసం తిప్పే చెబుతాను. అబద్ధాన్ని ఎవరైనా పట్టుకుంటారు. నిజం చెప్పి దాటేసేవాణ్ణి పట్టుకోవాలంటే ఆ విద్య తెలిసినవాడే కావాలి.

ఓబులేసుకూ ఆ రోజుతో ఆ విద్య వచ్చేసింది. తర్వాత ఎప్పుడు మనిషి స్తంభం దగ్గరున్నాడని చెప్పినా, “నంబరు చెప్పు మామా,” అనేవాడు. మా స్తంభాలన్నిటికీ నంబర్లుంటాయి, టీకొట్టు ముందున్నదానికి కూడా. చెప్పక తప్పేది కాదు.