మేనత్త వంతు నీళ్లు

మా మేనత్త పోయిందన్న కబురు పక్క పొలం మామ ఫోన్ చేసి చెప్పాడు. అప్పుడు నేను మార్కాపురం బస్టాండులో టీ తాగుతున్నాను. "నిద్దర్లోనే పోయింది తల్లీ. ఎవురినీ కష్టపెట్టలా" అన్నాడు. బతికినన్నాళ్లూ ఎవరో ఒకరి ప్రాణం తీస్తూనే ఉన్న మనిషి గురించి ఆ మాట వినగానే నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

కాలేజీలో కంప్యూటర్లు బోధించి రిటైరయ్యాక, కొనకనమిట్ల పక్క మా ఊళ్లో బత్తాయి తోట పెట్టుకుంది అత్త. మహా కోపిష్టి. ఫోన్లో ఎవరైనా "సర్వర్ పడుకుంది మేడమ్" అంటే, "అయితే లేపండి, నాకెందుకు చెప్తారు?" అని గయ్యిమనేది.

మాది వాన మీద బతికే నేల. ఒక బోరులో నీళ్లు పడితే చుట్టుపక్కల పొలాలన్నీ వంతులేసుకుని పంచుకోవాలి. వంతు మారేటప్పుడు మా దగ్గర ఒక ఆచారం ఉండేది. తన పొలం తడిసినవాడు గట్టెక్కి, "నా వంతు అయిపోయిందహో" అని కేకేయాలి. మిగతా పొలాల్లోంచి "విన్నాం" అని పలకాలి. ఆ పలుకులు వచ్చాకే నీళ్లు పక్క పొలానికి మళ్లేవి. పదిమంది విన్న మాటను ఒక్కడు మార్చలేడు కదా!

తర్వాత ఒక కంపెనీవాళ్లు వచ్చి ప్రతి పొలంలో ఫోన్‌తో నడిచే వాల్వు పెట్టె బిగించారు. కేకలు ఆగిపోయాయి. ఒక ఎండాకాలం, ఎక్కడో సిటీలో ఉన్న వాళ్ల కంప్యూటర్ మూలబడింది. బోరు నిండా నీళ్లున్నా ఇక్కడ ఒక్క వాల్వూ తెరుచుకోలేదు. బత్తాయి పిందెలు రాలిపోతుంటే అత్త గట్టు మీద నిలబడి, "పెత్తనమంతా ఒకచోట పెడితే ఇట్లనే ఉంటాది. అది పడుకుంటే మనమూ పడుకోవాల్సిందే" అంది.

తన పాత విద్యార్థులను పిలిపించి ఆ పెట్టెల పద్ధతే మార్పించింది. ఇప్పుడు ఒక పొలం వంతు అయిపోతే దాని పెట్టె మిగతా పెట్టెలన్నిటికీ చెబుతుంది. అన్నీ అదే సంగతిని దేనికది రాసి పెట్టుకుంటాయి. ఒకటి చెడిపోతే మిగతావి నడిపిస్తాయి. ఒకటి అబద్ధమాడితే మిగతావి ఒప్పుకోవు. వంతులు మార్చాలంటే సగానికి మించి రైతులు తమ ఫోన్లలో సరేననాలి. దీన్ని బ్లాక్‌చెయిన్ అంటారని ఆమె వివరిస్తే మామ గడ్డం గోక్కుని, "మన కేకనే పెట్టెలో పెట్టినావు, అంతే గదా వదినా" అన్నాడు.

"అంతే అబ్బీ. గొంతు పోదు, అదొక్కటే తేడా."

ఆ మరుసటి వేసవిలో ఆమె తోట చివరి చెట్లే వాడిపోసాగాయి. ఒక వంతు ఎక్కువ కావాలని అడిగింది. అందరి పైర్లూ ఎండుతున్నాయి, ఎవరూ సరేననలేదు. మామ మనసు మాత్రం ఊరుకోలేదు. "చేయించింది నువ్వే గదా వదినా, తాళంచెవి నీ దగ్గర లేకుండా పోతాదా?"

"నాకంటూ ఒక తాళంచెవి పెట్టుకునుంటే ఆ కంపెనీకీ నాకూ తేడా ఏంది?"

ఆ చివరి వరస చెట్లు ఎండిపోయాయి. అత్త అలిగి కొన్నాళ్లు గట్టు వైపే రాలేదు. తర్వాత ఒక సాయంత్రం బొరుగులు, బెల్లం తెచ్చి గట్టు మీద అందరికీ పంచింది. "నన్నే కాదన్నారు. ఇంకెవరినైనా కాదంటారు. నాకిప్పుడు బెంగ లేదు" అంది. ఆమె నవ్వుతూ కన్నీళ్లు తుడుచుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మొన్న పెద్దకర్మ నాడు, భోజనాలయ్యాక అందరి ఫోన్లూ మోగాయి. ఒకరి ఫోన్ పదిరోజులు పలకకపోతే, వారి వంతు తీసేయాలా అని పెట్టెలు అందరినీ అడగాలన్న నియమం పెట్టింది ఆమే. సరేనంటే మిగిలినవాళ్లకు తలా కాస్త నీళ్లు పెరుగుతాయి. మళ్లీ ఎండాకాలమే. మామ మిరప తోట కూడా తలవాల్చి ఉంది. తోట ఇక చూసుకోవాల్సింది నేనే. అయినా అత్త వంతు ఉంచమని వాళ్లను అడగడానికి నాకు మనసొప్పలేదు.

మామ కళ్లజోడు సర్దుకుని "వద్దు" అన్నచోట నొక్కాడు. ఒక్కొక్కరే తమ ఫోన్లు చూసుకున్నారు. సరేనన్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఎవరి పొలాలకు వాళ్లు వెళ్లిపోయాక అత్త తోటలో వాల్వు దానంతటదే తెరుచుకుంది. మామ గట్టెక్కి, ఎన్నేళ్లుగానో వేయని కేక వేశాడు: "వదిన వంతు వచ్చిందహో!"

"విన్నాం" అని ఒక పొలం పలికింది. దాని వెనకే ఇంకొకటి, ఆ వెనక మరొకటి. ఆ పలుకులు వినబడుతుండగానే నీళ్లు చివరి వరస దాకా పోయి, చెట్లు లేని పాదుల్లో కూడా నిండాయి.