ఎవరి వంట?

మా బావ గురించి నలుగురికీ చెప్పాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. ఎదురుగా పొగిడితే నెత్తికెక్కి కూచుంటాడని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.

మా అక్క మొగుడు. యూనిఫారాలు కుట్టే షెడ్డులో కటింగ్ మాస్టర్. నేనూ అక్కడే మిషను కుడతాను. బావ కత్తెర పట్టాడంటే దొంతరలో అడుగు గుడ్డకీ పై గుడ్డకీ నూలుపోగంత తేడా రాదు. ఆ సంగతి ఆయనకీ బాగా తెలుసు, అదే అసలు గొడవ. "ఏం మరదలా, నీ కుట్టు ఎటు పోతోందో దానికైనా తెలుసా?" అని నన్ను ఏడిపించని రోజు లేదు.

మధ్యాహ్నం గంట కొట్టగానే కటింగ్ బల్ల మీద గుడ్డ తీసేసి, సుద్దపొడి తుడిచి, కాగితాలు పరిచి అందరం డబ్బాలు పెడతాం. దానికో పద్ధతి ఉంది. కొన్న తిండి బల్ల ఎక్కకూడదు, ఇంట్లో వండిందే తేవాలి. మూత తీసేముందు గుండీలావిడ "ఎవరి వంట?" అని అడుగుతుంది. చొక్కాలకి గుండీలు కుడుతుంది గనక ఆవిడకి ఆ పేరు. చేతిలో సూదికన్నా నోరే పదును. తెచ్చినవాళ్ళు వండిందెవరో చెప్పాలి. అప్పుడు కూరలన్నీ బల్ల మధ్యకి చేరతాయి. ఎవరి కూర వాళ్ళు ముట్టుకోకూడదు, పక్కవాళ్ళది తినాలి. ఎవరు పెట్టారో ఈ నియమం, ఎవరికీ తెలీదు గానీ తప్పినవాళ్ళు లేరు.

బావ మీసం సవరించుకుని "మా ఆవిడది" అనేవాడు. అంతే, అన్ని వైపుల నుంచీ చేతులు పడేవి. అక్క పంపేవి గొప్ప వంటకాలేం కావు. ఉట్టి పప్పు, ఉట్టి బంగాళాదుంప కూర. అయినా అందరి డబ్బాలకన్నా ముందు ఖాళీ అయ్యేది అదే. నేను లోపల్లోపల ఎంత పొంగిపోయేదాన్నో! మా అక్క మరి.

ఇస్త్రీ తాత ఒంటరివాడు. అడిగితే "నాదే" అని మెల్లగా చెప్పేవాడు. బావ ఊరుకుంటాడా? "ఏం తాతా, ఇస్త్రీ పెట్టె మీదే వేయించావా?" అనేవాడు. అందరూ నవ్వితే తాతా నవ్వేసేవాడు.

ఇలా ఉండగా ఒకరోజు అక్క నీళ్ళ గదిలో కాలు జారి పడింది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. సిమెంటు కట్టు వేశారు. నేను వండి పంపుతానన్నాను. బావ ఒప్పుకోలేదు. "మా ఇంటి డబ్బా మా ఇంట్లోనే నిండుతుంది" అన్నాడు. అబ్బో, అనుకున్నాను. పొయ్యి ఏ గదిలో ఉందో కూడా అడిగి తెలుసుకోవాల్సిన మనిషి!

మర్నాడు బల్ల దగ్గర గుండీలావిడ అడిగింది. బావ అలవాటుగా "మా ఆవిడది" అన్నాడు. అని, ఒక్క క్షణం తడబడ్డాడు. సర్దుకుని చెబుతాడేమోనని చూశాను. చెప్పలేదు. తాత వైపు చూసి తల దించుకున్నాడు. తాతని అన్న మాటలన్నీ ఇప్పుడు తిరిగి తనకే వస్తాయని భయం.

ఆయన డబ్బా మూత నేనే తీశాను. పైకి ముచ్చటగానే ఉంది. దుంప ముక్కలు స్కేలు పెట్టి కోసినట్టు అన్నీ ఒకే కొలత. నోట్లో పెట్టుకుంటే లోపల పచ్చి. గుండీలావిడ ఒక ముక్క నమిలి, నీళ్ళు తాగింది.

ఆ సాయంత్రం అక్క దగ్గరికి వెళ్ళి కేకలేశాను. "ఆయన వండిన పచ్చి దుంపలకి నీ పేరు పెడుతున్నాడే! రేపు నేనే నలుగురిలో చెప్పేస్తాను."

"ఒసేయ్, ఊరుకో. నా మీద ఒట్టు" అంది అక్క. "మగాడు గరిట పట్టాడని ఏడిపిస్తారు. ఆయన తట్టుకోలేడు. నా పేరుకేం, చెయ్యి బాగయ్యాక మళ్ళీ తెచ్చుకుంటాను."

ఒట్టు పెట్టాక ఏం చేస్తాను? నోరు కుట్టేసుకుని కూచున్నాను. ఇంట్లో అక్క కుర్చీలో కూచుని "ఏవండీ, మంట తగ్గించండి, ఏవండీ, కలపండి" అని చెబుతూనే ఉండేది. అయినా ఒకరోజు పప్పు ఉప్పుకషాయం, ఒకరోజు అన్నం ముద్ద. బల్ల దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. "పాపం, ఆవిడకి ఒంట్లో బాగాలేదేమో" అనేవాళ్ళు ముందు. తర్వాత "మునుపటి శ్రద్ధ ఏదీ?" అన్నారు. అవి విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది. ఇన్నేళ్ళు తిన్నారు కదర్రా, ఇట్టే మర్చిపోయారా అని అరవాలనిపించేది.

క్యాబేజీ కూర తెచ్చిన రోజు మూత తియ్యగానే మాడు వాసన షెడ్డంతా కొట్టింది. గుండీలావిడ డబ్బాని ఒక్క వేలితో బావ ముందుకి తోసింది.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. మీ ఆవిడకి మన మీద విసుగు పుట్టినట్టుంది. ఇష్టం లేని వంట బల్లకెందుకు? ఈ డబ్బా మీరే తినండి."

ఎవరి డబ్బా వాళ్ళు తినడమంటే మా బల్ల దగ్గర వెలివేసినట్టే. అదీ మా అక్క డబ్బాని! ఒట్టూ లేదు గిట్టూ లేదని నోరు తెరిచాను. నాకన్నా ముందే బావ లేచి నిలబడ్డాడు.

"ఆవిడ వంట కాదు. నాది."

అందరి చేతులూ ఆగిపోయాయి.

"ఆవిడ చెయ్యి విరిగి కట్టులో ఉంది. పచ్చిదుంపలూ నావే, ఉప్పు పప్పూ నాదే. సిగ్గుపడి ఆవిడ పేరు చెప్పాను. నన్నేమన్నా అనండి, పడతాను. ఆవిణ్ణి మాత్రం ఒక్క మాట అనకండి."

తాత చెయ్యి చాపి డబ్బాని మళ్ళీ బల్ల మధ్యకి లాక్కున్నాడు. మాడిన కూర ఇంత తీసి అన్నంలో కలుపుకున్నాడు.

"ఒరే అబ్బాయ్, ఆ దుంప ముక్కలు చూసినప్పుడే అనుకున్నాను, ఇది కత్తెర పట్టిన చెయ్యని. నువ్వే చెబుతావని ఆగాను. రేపు మూకుడు కాగాక మంట తగ్గించు. ఇస్త్రీ పెట్టెకైనా అంతే."

బల్లంతా పకపకా నవ్వింది. బావ కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ. గుండీలావిడ "నా నోరు పడిపోనూ" అని లెంపలేసుకుని, తనూ ఇంత కూర వడ్డించుకుంది.

ఆ తర్వాత చూడాలి బావని! కొలతలు కాగితం మీద గీసుకోనిదే గుడ్డ కొయ్యని మనిషి, వంటకీ అంతే పట్టుదల పట్టాడు. తాతని అడిగేవాడు, గుండీలావిణ్ణి అడిగేవాడు, చివరికి నన్నూ అడిగాడు. "నీ కుట్టు ఎలా ఉన్నా నీ పప్పు బాగుంటుంది మరదలా" అన్నాడు. జన్మకో పొగడ్త. మెల్లమెల్లగా ఆయన డబ్బా అడుగు కనిపించసాగింది. "ఎవరి వంట?" అంటే "నాదే" అనేవాడు, ఇప్పుడు మీసం ముట్టుకోకుండా.

కట్టు విప్పించిన రోజు ఆస్పత్రి నుంచి అక్కని సరాసరి షెడ్డుకే తీసుకొచ్చాడు. ఇన్నేళ్ళలో అక్క ఆ బల్లని చూడటం అదే మొదటిసారి. గుండీలావిడ పక్కకి జరిగి చోటిచ్చింది. బావ డబ్బా పెట్టి, అక్క వంక చూసి "ఈవేళ మా ఆవిడదే. చెప్పి చేయించింది తనేగా" అన్నాడు. అక్క బంగాళాదుంప కూర వైపు చెయ్యి చాపగానే అందరూ ఒకటే గోల. "అమ్మా, మీ డబ్బా మీరు తినకూడదు!"

"నాది కాదు" అంది అక్క. "పొద్దున నేను నోరు విప్పలేదు. ఉప్పెంతో కూడా చెప్పలేదు. ఇది అచ్చంగా ఆయన వంట. కాబట్టి నేను తింటాను." సన్నబడిపోయిన ఆ చేత్తోనే కూర వడ్డించుకుని తింది. కళ్ళు మూసుకుని మరీ తింది.

డబ్బా అడుగు గీకి వదిలాం. తన కూర తను తినకూడదు గనక బావ మేం తింటుంటే చూస్తూ కూచున్నాడు. మొహం వెలిగిపోతోంది. అక్క నా చెవిలో అంది, "ఇన్నేళ్ళు వండి పంపానే, ఒక్కరోజైనా వీళ్ళు తింటుంటే చూడలేదు. ఎంత బాగుందే!"

మెల్లగా అన్నాననుకుంది గానీ బావ విన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి "రేపు నువ్వు వండు" అన్నాడు అక్కతో. "డబ్బా నేను తీసుకురాను. గంట కొట్టేసరికి నువ్వే తెచ్చుకో."

మర్నాడు గంట కొట్టేసరికి అక్క గుమ్మంలో ఉంది. మంచి చీర కట్టుకుని, డబ్బాని రెండు చేతులా పట్టుకుని వచ్చింది. తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఎవరి వంట?" అని అడిగింది గుండీలావిడ.

బావ అలవాటుగా నోరు తెరవబోయి ఆగాడు.

"నాది" అంది మా అక్క, షెడ్డంతా వినపడేలా.