ఎర్రచేపకు నేను అంటగట్టిన జబ్బు

చేపకు జబ్బు చేయడంలో వింతేమీ లేదు. ఆ జబ్బును ఎక్సెల్ షీటులో కనిపెట్టి, రోగిని తొమ్మిది రోజులు పస్తుపెట్టి, చివరికి పాస్టరుగారి చేత ప్రార్థన చేయించి, ఆ ప్రార్థన మధ్యలో గావుకేక పెట్టినవాడు మాత్రం మా హన్మకొండలో ఒక్కడే. ఆ ఒక్కడు ఇప్పుడు మీతో మాట్లాడుతున్నాడు. కూర్చోండి.

అప్పటికి నా ఇంజనీరింగ్ పూర్తయి ఏడాది. అంటే నాకు తెలియని విషయం లోకంలో ఇంకా పుట్టలేదు. మా ప్రశాంతక్క పిల్లల పళ్ల డాక్టరు, సొంత క్లినిక్ తెరవబోతోంది. ఆమె దిగులు ఒక్కటే.

"పళ్లు చూసుడు నాకొస్తది తమ్మీ. పోరగాండ్లు నోరు తెరిస్తెనే గదా చూసేది! కుర్చీ జూసి ఏడ్చుకుంట ఉరికితే క్లినిక్ ఎట్ల నడుస్తది?"

"ఫికర్ చెయ్యకు అక్కా. వెయిటింగ్ రూముల రంగురంగుల చేపలు పెడ్త. నోళ్లు వాటంతటవే తెరుచుకుంటయి."

మామూలు చేపలైతే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ నేను సముద్రం తెచ్చాను. వరంగల్ నుంచి సముద్రం ఎంత దూరమో తెలిసినవాడెవడూ ఉప్పునీళ్ల ట్యాంకు జోలికి పోడు. ఇన్ని లీటర్లకు ఇంత ఉప్పు, ఇంత వేడి అని లెక్కగట్టి కలిపాను. పగడపు దిబ్బలా రాళ్లు పేర్చాను. హైదరాబాదు దుకాణం నుంచి ఆరు చిన్న నీలం చేపలు, ఎనిమిది చారల రొయ్యలు, వాటికి పెద్దదిక్కుగా అరచేయంత స్క్విరల్ ఫిష్ ఒకటి కొన్నాను. పెళ్లిచీరంత ఎరుపు! దాన్ని సంచిలో పోస్తూ దుకాణదారుడు, "అన్నా, దీనికి కొంచెం..." అని మొదలుపెట్టాడు.

"నేను ఇంజనీర్‌ని అన్నా" అన్నాను.

ఆయన మర్యాదగా సంచికి ముడి వేశాడు.

క్లినిక్‌లో ట్యాంకులో వదలగానే ఎర్రచేప సూటిగా రాతికింద దూరింది. అంతే, మళ్లీ బయటికి రాలేదు. రిటైరైన స్టాఫ్ నర్సు మా అమ్మ రోజూ వచ్చి, గాజుకు కళ్లద్దాలు ఆనించి చూసేది.

"ఏదిరా నీ ఉడత?"

"ఉడత కాదమ్మా, స్క్విరల్ ఫిష్."

"ఏదో ఒకటి. ఉన్నదా, పోయిందా?"

నేను రాతికిందికి తొంగిచూసి, బల్ల దగ్గర కూర్చుని ఎక్సెల్ షీటులో లక్షణాలు రాశాను. ఒకటి, కళ్లు ముఖంలో సగం దాకా ఉబ్బాయి. రెండు, ఒళ్లంతా ఎర్రగా కందింది. మూడు, పగలంతా మూలన నక్కి ఉంటోంది. నాలుగు, మిట్టమధ్యాహ్నం మేత వేస్తే కన్నెత్తి చూడటం లేదు. ఐదు, చేయి దగ్గరికి పోతే లోపలినుంచి టకటకమని మూలుగుతోంది. ఆరు అవసరం లేదు. మూడు కాళ్ల కుందేలును పట్టినవాడి కథ మీరు వినే ఉంటారు. నేను పట్టిన చేపకు ఐదు రోగాలు.

"కొన్నప్పుడు గూడ ఎర్రగనే ఉండె గదరా?" అంది అక్క.

"అప్పటికే ముదిరినట్టుంది."

దీనికి తోడు ఇంకో ఘోరం. పొద్దున వచ్చి చూస్తే రాత్రి ఎనిమిదున్న రొయ్యలు ఏడే ఉన్నాయి. మర్నాడు ఆరు. తర్వాత ఐదు. శవం లేదు, మీసం లేదు. అనుమానితులుగా ఆరు నీలం చేపల పేర్లు రాసుకున్నాను. ఏడోదాన్ని రాయలేదు, అది పాపం మంచం పట్టిన ప్రాణి కదా!

"చీకటుంటెనే దొంగతనమైతాంది. చీకటే లేకుంట చేస్త" అని, ట్యాంకు లైటు ఇరవై నాలుగు గంటలూ వెలిగేలా పెట్టాను.

నమ్మండి, ఆ రోజు నుంచి ఒక్క రొయ్య కూడా పోలేదు! గ్రాఫు గీశాను. రొయ్యల గీత నేలబారుగా, నిశ్చింతగా సాగింది. ఎర్రచేప ఒళ్లు మాత్రం రోజురోజుకీ చిక్కిపోయింది. దానికీ గ్రాఫు గీశాను. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తోచలేదు. అవి వేర్వేరు షీట్లలో ఉన్నాయి.

లైటు పెట్టిన తొమ్మిదో రోజు క్లినిక్ ప్రారంభ ప్రార్థన. అప్పటికి నీలం చేపలు కూడా నిద్రలేక, రాళ్ల వెనక మూలకు ఒరిగి, గోడవైపు తిరిగాయి. ట్యాంకు పెళ్లికొడుకు రాని మండపంలా ధగధగా వెలుగుతోంది, లోపల రాళ్లు తప్ప ఎవరూ కనబడరు.

పాస్టరుగారు మనుమరాలు గ్రేసీని తోలుకొచ్చారు. ఆరేళ్లది, పంటినొప్పి, అక్కకు మొదటి పేషెంటు. పిల్లను చూసిన బంధువులందరూ అక్క వైపు చూశారు. అక్క నా వైపు చూసింది.

"నోరు తెరువు బంగారం" అంది అక్క.

గ్రేసీ తల అడ్డంగా ఊపింది.

"గా డబ్బల ఎర్రచేప ఉన్నది సూడు!"

గ్రేసీ చూసింది. "తాతా, గా డబ్బల రాళ్లే ఉన్నయి" అని రెండు చేతులతో నోరు మూసుకుంది. ఇప్పుడు తాళానికి తాళం పడింది.

అక్క నా చెవి దగ్గరికి వచ్చి, "మొదటి పిల్లనే గిట్ల పోతే రేపు ఎవరొస్తరురా?" అంది. చేప బయటికొస్తుందేమోనని నేను గాజు మీద వేలితో తట్టాను.

ఈలోగా అమ్మ పాస్టరుగారితో, "అయ్యగారూ, క్లినిక్ కొరకు చేసేటప్పుడు జర ఆ చేప కొరకు కూడ చెయ్యుండ్రి. కండ్లు ఉబ్బినయి, తొమ్మిది దినాలైంది అన్నం ముట్టక" అంది.

"అట్లనే అమ్మా. అందరు కండ్లు మూసుకోండ్రి."

మా పాస్టరుగారి ప్రార్థన కాజీపేటలో రైలెక్కితే జనగామ దాటేంత పొడుగు. రెండో నిమిషంలో కరెంటు పోయింది. ఆ గదికి కిటికీ లేదు. గాలిపంపుకు బ్యాటరీ పెట్టిన మహామేధావి లైటుకు పెట్టలేదు. కటిక చీకటి. అందరి కళ్లూ మూసే ఉన్నాయి కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. ప్రార్థన సాగుతూనే ఉంది.

నేను మాత్రం కళ్లు తెరిచాను. క్షమించాలి, నా రొయ్యలు చీకట్లో ఉన్నాయి! దొంగను పట్టాలని ఫోను లైటు వేసి, ఎవరికీ కనబడకుండా దాని మీద వేలు పెట్టాను. వేలిగుండా ఎర్రటి మసక వెలుగు ట్యాంకు మీద పడింది.

రాతికింది నుంచి రోగి లేచాడు. వీపుమీది ముళ్లు విప్పుకుని, డ్యూటీకి దిగిన ఇన్‌స్పెక్టర్‌లా ట్యాంకు మధ్యకు వచ్చాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఐదు రొయ్యల్లో బలిసినదాన్ని ఒక్క గుటక!

"అక్కా! తిన్నది! దొంగ గదే!" అని అరిచాను.

పాస్టరుగారి ప్రార్థన ఆగింది. ఆయన ముప్పై ఏళ్ల సేవలో అది మొదటిసారి అని తర్వాత చెప్పారు. అందరూ కళ్లు తెరిచారు. ఎర్ర వెలుగులో ఎర్రచేప రెండో రొయ్యను పట్టింది. మీసాలు బయట ఊగుతున్నాయి.

"వా...!" అంది గ్రేసీ. చేతులు జారిపోయాయి. నోరు గుహలా తెరుచుకుంది.

అక్క తన టార్చి తీసి దూకింది. "కింద, ఎడమపక్క, వెనకది! పుచ్చింది! బంగారం, గట్లనే చూస్తుండు!"

"స్తోత్రం! చేప లేచి తిరుగుతాంది!" అంది అమ్మ, చేతులెత్తి.

"అమ్మా, దానికి జబ్బు లేదేమో. అది చీకట్ల తిరిగే చేప..." అన్నాను.

అమ్మ చేతులు దించింది. "అంటే నైట్ డ్యూటీదా? నైట్ డ్యూటీ చేసి పండుకున్నదాని మొఖం మీద తొమ్మిది దినాలు లైటేసినవా? సగం సర్వీసు నేనట్లనే పగటీలి పండుకున్న గదరా! నాకు గూడ రోగమని రాసినవా నీ కంప్యూటర్ల?"

అక్కడే కూర్చుని ఫోనులో చదివాను. అంత పెద్ద కళ్లు చీకట్లో వేటకు. రాత్రి సముద్రంలో ఆ ఎరుపు నల్లగా కనబడి ఒంటిని దాచేస్తుంది. టకటకలు మూలుగు కాదట, దగ్గరికొచ్చిన వాణ్ణి పొమ్మనడమట. ఐదు లక్షణాలూ నిక్షేపమైన ఆరోగ్యానివే.

పాస్టరుగారు వెళ్లేముందు ఆయనకు క్షమాపణ చెప్పాను. "లేని జబ్బుకు ప్రార్థన చేపిచ్చిన అయ్యగారూ. వృథా అయిపాయె."

"వృథా ఎందుకైతది బిడ్డా? 'ఈ గదిల చూపు లేనోళ్లకు చూపు ఇయ్యి తండ్రీ' అన్న. చేపకని నేనెక్కడన్న?"

కనుక సమస్త జలచరాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ ప్రాణినీ అది పడుకునే వేళ లేపి రోగమని రాయను. ఇదే నియమం నాకూ వర్తించాలని, పొద్దున పదింటిదాకా నన్నెవరూ లేపరాదని అమ్మకు దరఖాస్తు పెట్టుకున్నాను.

ఆమె పరదా జరిపి, ఎండంతా నా ముఖం మీదికి వదిలి, "నీకు నైట్ డ్యూటీ ఎక్కడున్నదిరా? లే!" అంది.