తీగ కట్టిన సపోటా

మల్కాజ్‌గిరిలో మా ఇంటి ముందు సపోటా చెట్టుంది. క్రిస్మస్ స్టార్ వేలాడదీయడానికని మా ఆయన దాని మొదలుకు ఇనపతీగ చుట్టి, గేటు స్తంభం దాకా లాగి కట్టారు. ఆయన పోయాక స్టార్ కట్టడం మానేశాను గానీ తీగ మాత్రం విప్పలేదు. ఆయన చేత్తో వేసిన ముడి అది. విప్పబుద్ధి కాలేదు.

రెండేళ్లకు కాయలు విరగకాశాయి. అంత తీపి నేనెప్పుడూ ఎరగను. ఏడాది పొడవునా తలుపు తట్టనివాళ్లు సంచులతో వచ్చారు, కూర్చున్నారు, టీ తాగారు, కబుర్లు చెప్పారు. నిజం చెప్పొద్దూ, ఆ కాయల కాలం కోసమే బతికాను. ఒంటరిదాని మీద దేవుడు చూపిన కృప ఇదని చర్చిలో లేచి సాక్ష్యం కూడా చెప్పాను.

మరుసటేడు ఆకులు పసుపెక్కాయి. తోటమాలిని పిలిచాను. మొదలు తడిమి చూసి నా మీద గయ్యిమన్నాడు.

"ఏందమ్మా గిది? తీగ బెరడులకు దిగింది. దానిపైన ఎట్ల ఉబ్బిందో సూడు."

సికింద్రాబాద్ కాలేజీలో ముప్పయ్యేళ్లు వృక్షశాస్త్రం చెప్పినదాన్ని. చెరకులోనైనా, బీట్‌రూట్‌లోనైనా, సపోటాలోనైనా సుక్రోజ్ ఒకటేననీ, ఆకు దాన్ని తయారుచేసి బెరడు లోపలి పొర గుండా వేరుకు పంపుతుందనీ, ఆ దారి మూస్తే తీపంతా పైనే నిలిచి వేరు పస్తులుంటుందనీ ఎన్నిసార్లు బోర్డు మీద బొమ్మ గీశానో! చెప్పేవి శ్రీరంగనీతులు. నేను కృప అన్నది ఆ వేళ్ల ఆకలి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"తీసెయ్" అన్నాను. తీగ ముక్కలుముక్కలుగా ఊడొచ్చింది. ముడి మాత్రం చెక్కలో ఇరుక్కుని రాలేదు.

"బతుకుతుందా?"

"ఒక దిక్కు బెరడు ఇంకా పచ్చిగనే ఉంది. బతుకుతది. గానీ ఈ ఏడు పిందెలన్నీ తెంపెయ్యాలె. ఉన్న జెర బలం వేర్లకు పోవాలె."

పిందెలు తెంపితే మా ఇంటికి ఎవరొస్తారు? ఆ మాట మాలితో ఎలా అనను? రేపు చూద్దామని రెండు రోజులు గడిపాను. చెట్టు చస్తుంటే కూడా నేను లెక్క చూసుకున్నది టీ తాగేవాళ్లను. మూడో రోజు నా మీద నాకే కోపమొచ్చి, స్టూలు వేసుకుని అందినన్ని తెంపాను, మిగిలినవి మాలి చేత తెంపించాను. చేతులకు పాలు అంటుకుని సాయంత్రానికి గానీ వదల్లేదు.

చెట్టు కొత్త చిగురు వేసింది. కాయల కాలం వచ్చాక పక్కింటావిడ గేటు దగ్గర నిలబడి పైకి చూసింది.

"ఈసారి కాయలు లేవా టీచరమ్మా?"

"లేవమ్మా. లోపలికి రా, టీ పెడతాను."

"మళ్లొస్తా టీచరమ్మా, ఇంట్ల పని ఉంది" అని, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.