గుంజలమ్మ ఇసుక దారి

ఆ దీవిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు మొదటినుంచీ తక్కువే. ఓటర్ల జాబితాలో ఉన్న పేరు పైకి చదివితే, ఈవిడెవరబ్బా అని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. గుంజలమ్మ అంటే మాత్రం తెలియనివాళ్ళు లేరు. దీవికీ అవతలి ఒడ్డుకీ మధ్య, ఆటు వచ్చి నీళ్ళు తీసినప్పుడు, రెండు మైళ్ళ ఇసుక బయటపడుతుంది. నాలుగు గంటలు ఉంటుంది, మళ్ళీ పోటు వచ్చి కప్పేస్తుంది. ఆ నాలుగు గంటల్లో జనం నడిచి దాటడానికి, ఏది గట్టినేలో ఏది ఊబో తెలిసేలా, మనిషెత్తు గుంజలు పాతి దారి చూపించడం ఆమె పని. ముప్ఫై నాలుగేళ్ళు చేసింది.

పుట్టింది అవతలి ఒడ్డున, బజారు మధ్య, ఒక దర్జీ ఇంట్లో. పందొమ్మిదేళ్ళు వచ్చేదాకా మోకాలు తడిసేంత నీళ్ళలో దిగి ఎరగదు. దీవిలో పడవలు కట్టే వడ్రంగికి ఇచ్చి చేశారు. పెళ్ళయిన మూడో రోజున అత్తగారి వెనకే ఇసుక మీద నడుచుకుంటూ కాపురానికి వచ్చింది. సగం దారిలో కొత్త చెప్పు ఒకటి బురదలో కూరుకుపోయింది. ఎంత లాగినా రాలేదు. అక్కడే నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే అత్తగారు వెనక్కి వచ్చి చూసింది.

"చెప్పు పోతే పోయింది. కాలు వచ్చిందిగా, పద," అంది.

అప్పట్లో గుంజల పని అత్తగారిదే. మనిషి ముక్కుసూటి, మాట కటువు. కోడలికి ముద్దలు కలిపి పెట్టింది లేదు గానీ, ఇసుకను చదవడం మాత్రం దగ్గరుండి నేర్పింది. మడమతో నొక్కి చూడాలి. చుట్టూ ఇసుక తెల్లబడి పొడిగా కనిపిస్తే గట్టినేల. నీళ్ళు ఊరి మెరిసిందంటే ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. నొక్కినప్పుడు మూరెడు దూరంలో నేల కదిలిందంటే ఇక ఆలోచించకుండా వచ్చిన దారినే పోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, దారి మధ్యలో అడ్డంగా పోయే నడిపాయ, నీళ్ళు తీశాక పైకి ఇసుకలాగే కనిపించే ఊబి కాలువ. అది ఒకచోట ఉండదు. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు పెద్దదవుతుంది, ఆ ఉధృతికి పాయ కాస్త ఇటో అటో జరుగుతుంది. అందుకని పౌర్ణమి వెళ్ళిన మూడో రోజు, అమావాస్య వెళ్ళిన మూడో రోజు వెళ్ళి, పాయ దగ్గర గుంజలన్నీ పీకి కొత్త చోట పాతాలి. ఎండైనా వానైనా సరే.

తొమ్మిదేళ్ళకు అత్తగారి మోకాళ్ళు పట్టేశాయి. ఊరి ప్రెసిడెంటు మగవాళ్ళలో ఎవరినైనా చూద్దామన్నాడు. అత్తగారు కుర్చీలోంచి లేవకుండానే, మగవాళ్ళందరికీ పడవలు ఉన్నాయి, వాళ్ళకి ఇసుకతో పనేముంది, నా కోడలే చేస్తుంది అని తేల్చేసింది. కోడలిని అడగనైనా లేదు. కోడలికీ వద్దనాలనిపించలేదు.

మొగుడికి పోటు పని, పెళ్ళానికి ఆటు పని. నీళ్ళు నిండినప్పుడు ఆయన పడవల్ని దించి చూసుకునేవాడు, నీళ్ళు తీసినప్పుడు ఆమె గునపం భుజాన వేసుకుని బయలుదేరేది. ఆటు రోజుకు ముప్పావు గంట పైచిలుకు ఆలస్యమవుతుంది కాబట్టి, ఇంట్లో వంట కూడా దానితో పాటే జరిగేది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఇద్దరం పోట్లాడుకోకపోవడానికి కారణం మంచితనం కాదు, తీరిక లేకపోవడం అని ఆయన చెప్పుకుని నవ్వేవాడు.

ఆ ఊళ్ళో బడికి ఒక మాస్టారు బదిలీ మీద వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఒంటరి. చేతిలో గొడుగు, జేబులో గడియారం. దీవిలో బడి వేళలు ఆటుపోట్లను బట్టి మారుతుంటాయని విని ఆయన మండిపడ్డాడు. తొమ్మిదంటే తొమ్మిదేనని గంట కొట్టించాడు. అలా ఆయనకు గంట మాస్టారని పేరు పడింది. వారం రోజులు బడి వెనక గదిలో ఉండి, శనివారం పెందలాడే బడి వదిలి, ఇసుక దాటి అక్కగారింటికి వెళ్ళేవాడు. మొదటి నెలలో ఒకసారి వేళ చూసుకోకుండా దిగి నడుం దాకా తడిసి తిరిగొచ్చాడు. ఆ తర్వాత సముద్రం మాట కొంచెం వినడం మొదలుపెట్టాడు. గుంజ నుంచి గుంజకు, గీత గీసినట్టు నడిచేవాడు. గుంజలు వంకరగా ఉన్నాయని గుంజలమ్మ మీద ఒకటి రెండుసార్లు ప్రెసిడెంటుకు చెప్పాడు కూడా. పాయ వంకరగా ఉంటే నేనేం చేసేదని ఆమె నవ్వి ఊరుకుంది.

ఆ సంగతి జరిగేనాటికి ఆమెకు నలభై అయిదేళ్ళు. కూతురు పురుడు పోసుకుని పుట్టింట్లోనే ఉంది. పసిదానికి పదకొండో రోజు. పౌర్ణమి వెళ్ళి మూడో రోజు, శుక్రవారం. మూడు రోజులుగా ముసురు పట్టి దారిలో ఒక్కరూ నడవలేదు. గుంజలమ్మ గునపం తీసుకుని ఒడ్డుదాకా వెళ్ళింది. చినుకుల్లోంచి చూస్తే గుంజలన్నీ నిలబడే ఉన్నాయి. ఒక్క రోజుకు ఏమవుతుందిలే, రేపు వెళ్దాం అనుకుంది. ఇంటికొచ్చి పసిదాన్ని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది. శనివారం ముసురు కాస్త తగ్గింది. పిల్ల రాత్రంతా ఏడ్చింది, కూతురికి కునుకు లేదు. మధ్యాహ్నం వెళ్దాంలే అని కూతుర్ని పడుకోబెట్టి తను పిల్లని ఎత్తుకుంది.

ఆ మధ్యాహ్నం పన్నెండున్నరకు మాస్టారు బడికి తాళం వేసి, పరీక్ష పేపర్ల సంచీ భుజాన తగిలించుకుని దిగాడు. ఎప్పటిలాగే గుంజలు చూసుకుంటూ నడిచాడు. పాయ ఆ మూడు రోజుల్లో దీవి వైపు ముప్ఫై గజాలు జరిగిందని ఆయనకెలా తెలుస్తుంది? రెండు గుంజల మధ్య కుడికాలు తొడ దాకా దిగిపోయింది. లాగబోతే మోకాలి దగ్గర ఏదో పటుక్కుమంది. గొడుగు అడ్డం వేసుకుని, బోర్లా పడుకుని, పాకి పాకి ముప్పావు గంటకు బయటపడ్డాడు. అప్పటికి పోటు తిరిగింది. చిక్కుకుపోయినవాళ్ళ కోసం దారి మధ్యలో నాలుగు స్తంభాల మీద ఒక మంచె ఉంది. దాని దాకా ఈడ్చుకుంటూ వెళ్ళి ఎక్కాడు. కింద నీళ్ళు పలకలకు కొట్టుకుంటుంటే, పేపర్ల సంచీ నెత్తిన పెట్టుకుని దాదాపు మూడు గంటలు కూర్చున్నాడు. నాలుగున్నరకు, పడవ నడిచేంత నీరు వచ్చాక, కొత్త పడవను తేల్చి చూద్దామని వెళ్ళిన వడ్రంగికి మంచె మీద గొడుగు కనిపించింది.

సాయంత్రానికి ఊరంతా గుప్పుమంది. అందరిదీ ఒకటే మాట. పట్నం మనిషి, దారి తప్పి నడిచాడు, బతికి బయటపడ్డాడు, సంతోషం. పదిహేడేళ్ళుగా గుంజలమ్మ పాతిన దారిలో కాలు మెలిక పడ్డవాడు కూడా లేడు, ఆవిడనేమన్నా అంటే ఊరుకోం అని ప్రెసిడెంటు ముందే గట్టిగా చెప్పేశాడు. మాస్టారు ఎవరినీ ఏమీ అనలేదు. వాచిన మోకాలు చూసుకుంటూ, తనే ఎక్కడో గుంజ దాటేశానేమో అనుకుంటున్నాడు.

వడ్రంగి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, పెళ్ళాం పక్కన కూర్చున్నాడు. కూతురికి వినపడకుండా చెప్పాడు.

"ఆయన దారి తప్పలేదే. గెడ వేసి చూశాను, నీ గుంజలే పాయలో ఉన్నాయి."

ఆయన చూశాడు, ఇంకెవరూ చూడలేదు. పొద్దున్నే ఆ గుంజలు పీకి వేరేచోట పాతేస్తే చాలు, ఇక ఎవరికీ తెలిసే అవకాశం లేదు. ఇద్దరికీ ఆ సంగతి అర్థమైంది. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

మర్నాడు ఆటుకు ఒక్కతే వెళ్ళింది. ఒక గుంజ పక్కకు ఒరిగి ఉంది. మడమతో నొక్కితే బారెడు దూరం నేల కదిలింది. అన్నీ పీకి, కొత్త దారి చూసి పాతి, బురద కాళ్ళతోనే తిన్నగా బడి వెనక గదికి వెళ్ళింది. మాస్టారు మంచం మీద కాలు చాపుకుని తడిసిన పేపర్లు పక్కనున్న దండెం మీద ఆరేసుకుంటున్నాడు. పరామర్శకు వచ్చిన ప్రెసిడెంటు కుర్చీలో ఉన్నాడు. ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది. నీళ్ళు నమలలేదు.

"తప్పు నాదే మాస్టారూ. గుంజలు శుక్రవారం మార్చాలి. మార్చలేదు. మీరు సరిగ్గానే నడిచారు."

ప్రెసిడెంటు మధ్యలో అందుకుని, ఇంట్లో పురిటి మనిషి ఉంది కదా, వాన కదా అని సర్దబోయాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. వాన ఎప్పుడూ ఉండేదేనంది. మాస్టారు ఆమె కాళ్ళ బురద వంక చూశాడు. కోపం రాలేదని కాదు. వచ్చింది. ముందురోజు మంచె మీద ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చున్న మనిషి. కానీ నోరు తెరిస్తే వచ్చింది ఒక ప్రశ్న.

"పాయ ఎటు జరిగిందో, ఎంత జరిగిందో ఎక్కడైనా రాసిపెట్టారా?"

"రాయడమెందుకండీ, నా కాళ్ళకి తెలుసు."

"మీ కాళ్ళు ఒక రోజు రాలేదు. ఏమైందో చూశారుగా."

తల కొట్టేసినట్టయింది ఆమెకు. పని వదిలేస్తానని అక్కడికక్కడే ప్రెసిడెంటుకు చెప్పింది. ఆయన వద్దన్నా వినలేదు. ఇద్దరు జాలర్లు ఆ పని తలకెత్తుకున్నారు. నెల తిరక్కుండానే పోస్ట్‌మన్ ఉత్తరాల సంచీతో సహా రెండుసార్లు మోకాలి దాకా దిగబడ్డాడు. ఇక లాభం లేదని ఊళ్ళోవాళ్ళు మళ్ళీ ఆమె గడప తొక్కారు. ఇంట్లో అత్తగారు, అప్పటికి మంచం దిగలేని స్థితి, కోడలిని పిలిచి ఒక సంగతి బయటపెట్టింది. తన హయాంలో ఒక బండి, రెండెడ్లు పాయలో పోయాయట. బండివాడు ఈది బయటపడ్డాడు. బండివాడిదే తప్పన్నారట అందరూ. తనూ అదే అన్నదట.

"నువ్వు చెప్పేశావు. నేను చెప్పలేదు. ఇప్పుడిక వెళ్ళి పని చూసుకో," అంది.

ఆమె వెళ్ళింది గానీ ఒక షరతు పెట్టింది. ఇకనుంచి గుంజ పాతేటప్పుడు ఇద్దరు ఉండాలి. ఒకరు నొక్కి చూసిన చోట రెండోవాళ్ళూ నొక్కి చూడాలి. రోజూ దాటేవాడు కాబట్టి పోస్ట్‌మన్ ఒప్పుకున్నాడు. వచ్చాక ఇద్దరూ బడికి వెళ్ళి, మంచెకు ఎన్ని అడుగుల దూరంలో పాయ ఉందో చెబితే, మాస్టారు కాగితం మీద గీసి తేదీ వేసి గోడకు అంటించేవాడు. ఆయనకు మోకాలు పూర్తిగా కుదురుకోలేదు. చేతికర్ర వచ్చింది. మొదట్లో ఆమె అంకెలు చెప్పి వెళ్ళిపోయేది. కొన్నాళ్ళకు కూర్చుని, ఈ గీత ఇలా కాదు, ఇంకాస్త ఒంపు అని దిద్దించడం మొదలుపెట్టింది. మీ దారి ఎప్పుడూ వంకరేనని ఆయన విసుక్కునేవాడు.

అయిదేళ్ళ కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలింది. పాయ ఇటూ అటూ ఊగుతున్నట్టు కనిపించినా, మొత్తం మీద ఏటా నలభై గజాలు దీవి వైపే వస్తోంది. మంచె కింద నేల ఇంకో రెండేళ్ళలో కోసుకుపోతుంది. ఆమె ఆ మాట అంతకుముందే అంటే అందరూ పెడచెవిన పెట్టారు. కాగితం మీద చూపించేసరికి తాలూకా ఆఫీసువాళ్ళు వచ్చి కొలుచుకుని, మంచెను తీసి రెండొందల గజాలు ఇవతల కొత్తది కట్టారు. మరుసటి ఏడాది వచ్చిన తుపానుకు పాత మంచె చోట ఇద్దరు మనుషుల లోతు మడుగు పడింది. కొత్త మంచె మీద ఆ రోజు నలుగురు కూర్చుని బయటపడ్డారు. వాళ్ళలో ఒకరు ప్రెసిడెంటు భార్య.

మాస్టారు రిటైరై వెళ్ళేటప్పుడు పడవలో తీసుకెళ్తానని వడ్రంగి అన్నా, నడిచే వెళ్తానన్నాడు. గుంజలమ్మ పక్కనే నడిచింది. రెండు మైళ్ళకు గంటన్నర పట్టింది. దారి పొడుగునా ఆయన రిటైరయ్యాక ఏం వండుకోవాలన్న దాని గురించే మాట్లాడుకున్నారు. అవతలి ఒడ్డెక్కాక ఆయన సంచీలోంచి పరీక్ష పేపర్ల కట్ట ఒకటి తీసి చూపించాడు. ఆనాడు తడిసినవే, సిరా చెదిరినవి. అందరికీ పాస్ మార్కులు వేసేశానని చెప్పాడు. ఆమె నవ్వింది. పోటు వేళవుతోందని గుర్తుచేసి, వెనక్కి తిరిగింది.

అరవై రెండో ఏట ఆమె గునపం పోస్ట్‌మన్ కూతురికి ఇచ్చేసింది. ఇప్పుడు ఆ పిల్లా, ఇంకో చేపలమ్మే ఆమే కలిసి వెళ్తారు. గోడ మీద కాగితాలు నాలుగొందలు దాటాయి. పౌర్ణమి వెళ్ళిన మూడో రోజున గుంజలమ్మ ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. వాళ్ళు తిరిగొచ్చాక అడిగేది ఒకటే. ఇద్దరూ నొక్కి చూశారా అని. చూశామంటే కుర్చీ మడిచి ఇంటికి వెళ్తుంది.