డాల్ఫిన్ పిల్లను చూసిన రెండో మనిషి

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా వీధి చివరింట్లో ఉండే బస్సు డ్రైవరు. నరసరావుపేట నుంచి పూరీకి యాత్రల బస్సు తోలుతాడు. సాయిబుల ఇంటివాడే గానీ, ఏ క్షేత్రంలో ఏ వేళకు తలుపులు తెరుస్తారో, ఎక్కడ ప్రసాదం ముందుగా అయిపోతుందో నాకన్నా ఆయనకే బాగా తెలుసు. ఒకసారి యాత్ర నుంచి వచ్చి, బస్సు షెడ్డులో పెట్టి, ఇంటికి కూడా పోకుండా నేరుగా మా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"అక్కా, మీ మేనకోడలు ఆఫీసులో లేదు. పడవ మీద ఉంది. మెళ్లో బైనాక్యులర్ ఏసుకోని నీళ్లల్లోకి చూస్తా కూర్చోనుంది. ఎండకి మాడిపోయింది గానీ, మొహం మాత్రం కళకళలాడతా ఉంది" అన్నాడు.

మా తమ్ముడి కూతురు ఒడిశాలో ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది దాటింది. ఏం పని అంటే "డేటా పని" అని చెప్పింది. డేటా అనగానే మేమందరం ఒక గది, ఒక కంప్యూటరు, గిర్రున తిరిగే కుర్చీ ఊహించుకున్నాం. మా తమ్ముడు దుర్గిలో రాతి విగ్రహాలు చెక్కుతాడు. తను దుమ్ములో బతికినా కూతురు నీడపట్టున కూర్చుందని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. డ్రైవరు తెచ్చిన కబురు విని మర్నాడే మా ఇంటికొచ్చాడు. తను వెళితే కోపంలో ఏదో ఒకటి అనేస్తాడట, నన్ను వెళ్లి చూసి రమ్మన్నాడు. నాకూ జగన్నాథుడి దర్శనం బాకీ ఉంది. తర్వాతి బస్సులోనే ఎక్కాను.

బస్సు నిండా మా వైపు ఆడవాళ్లే. నూజెండ్ల నుంచి వచ్చిన ఒక ముసలమ్మ అందరికీ పెద్ద. ఆమె మాట పడితే బస్సంతా నవ్వేది. పూరీలో దర్శనం అయ్యాక చిలికా సరస్సులో డాల్ఫిన్లను చూపించడం యాత్రలో ఒక భాగం. ఆ రేవులోనే నా మేనకోడలు మాకోసం నిలబడి ఉంది. డ్రైవరు చెప్పినట్టే మాడిపోయింది. నన్ను చూసి చిన్నప్పుడు పరిగెత్తుకొచ్చినట్టే వచ్చింది.

పడవ కదిలేలోపు తన పని ఏమిటో నాకు చెప్పింది. డాల్ఫిన్లను వెతకడానికి ప్రత్యేకంగా పడవలు పెట్టుకోవాలంటే అయ్యే పని కాదు. జనం ఎటూ చూడటానికి వెళతారు కాబట్టి, వాళ్ల పడవల్లోనే తనూ ఒక మూల కూర్చుంటుంది. పడవ ఎటు వెళ్లింది, ఎన్ని కనిపించాయి, పెద్దవా చిన్నవా, అప్పుడు మోటారు నడుస్తోందా ఆగి ఉందా, అన్నీ ఫోనులో రాసుకుంటుంది. ఏమీ కనపడకపోయినా ఆ ట్రిప్పు కూడా రాస్తుంది.

"కనపడంది కూడా రాయాలంటే ఎట్టాగే?" అని అడిగాను.

"కనపడంది రాయకపోతే కనపడిందానికి విలువేముంటది అత్తా" అంది.

నేను బడికి పోలేదు. మా అమ్మ వంటింట్లో చేటలో బియ్యం పరిచి, వేలు పట్టి అక్షరాలు దిద్దించింది. తర్వాత భాగవతం చదువుకునేంత వరకు అదే బడి. అమ్మ కూడా ఒక్క అక్షరం వంకర పోతే ఒప్పుకునేది కాదు, బియ్యం చదును చేసి మళ్లీ రాయించేది. మేనకోడలి మాట వింటే నాకు ఆ చేట గుర్తొచ్చింది. పిల్లలకు మనం నేర్పింది ఒకటీ లేకపోయినా, మన పెద్దవాళ్ల గుణం ఎక్కడో ఒకచోట వాళ్లలో తేలుతుంది. అది దేవుడి దయ కాకపోతే ఇంకేమిటి.

ఆ రోజుల్లో తనకు ఒక దిగులు ఉంది. రెండు లంకల మధ్య ఒక సన్నటి పాయ ఉంది. దాంట్లో నుంచి వెళితే పడవలకు చుట్టు తిరిగే బాధ తప్పుతుంది, రోజుకు ఇంకో ట్రిప్పు వేసుకోవచ్చు. అందుకని పడవలన్నీ మోటారు జోరుగా వేసుకుని ఆ పాయలోనే పోతాయి. డాల్ఫిన్ ఒకటి అక్కడే ఈనిందని మా పిల్లకు అనుమానం. పెద్ద డాల్ఫిన్ మోటారు చప్పుడు విని తప్పుకుంటుంది. పుట్టిన పిల్లకు అది తెలియదు, మోటారు రెక్కలు తగిలితే తెగిపోతుంది. పడవల సంఘం పెద్దలను బతిమాలితే వాళ్లు ఒక షరతు పెట్టారు. పిల్ల ఉన్నట్టు ఒకే ట్రిప్పులో ఇద్దరు విడివిడిగా చూసి చెప్పాలి. ఒకరు తను, రెండోవాళ్లు యాత్రికులైనా సరే, ఎవరైనా సరే. అట్లా చెబితే, పిల్ల పెద్దదయ్యేదాకా ఆ పాయలో మోటారు ఆపి గెడలతో తోసుకుంటూ పోతామన్నారు. ఆ సీజను అయిపోవచ్చింది. ఇంతవరకూ ఎవరికీ పిల్ల కనపడలేదు. ఈలోపే అది ఏ పడవ కిందో పడుతుందేమోనని మా పిల్ల భయం.

పడవ నడిపే ఆయన ఒడియా మనిషి. నడివయసు. మన యాత్రికులను తిప్పీ తిప్పీ తెలుగు పట్టుకున్నాడు, కానీ మాటలు తక్కువ. వెనకాల చుక్కాని పట్టుకుని కూర్చున్నాడు.

మా పిల్ల అందరికీ చెప్పింది, ఎవరూ లేచి నిలబడొద్దు, కనపడితే ఏ పక్కో చెప్పండి, ఎన్నో లెక్కపెట్టండి అని. మొదట పెద్ద నీటిలో కనిపించాయి. ముక్కు లేని గుండ్రటి తలలు, నల్లటి నున్నటి వీపులు, నూనె రాసిన సన్నికల్లులా మెరిసి మునిగిపోయాయి. నూజెండ్ల ముసలమ్మ వేలు చూపిస్తూ, "లాభం... రెండు... మూడు" అని లెక్కపెట్టింది. కళ్లంలో ధాన్యం కొలిచే అలవాటు ఆమెది, ఒకటి అనే మాట నోట రాదు, దాని బదులు లాభం అంటుంది. పక్కన ఇంకో ఊరి పిల్ల ఎవరైనా ఉంటే ఏం రాసుకునేదో. మా పిల్ల నవ్వకుండా మూడు అని రాసుకుంది.

తర్వాత పడవ ఆ పాయలోకి తిరిగింది. మా పిల్ల అడిగిందని పడవాయన మోటారు తగ్గించాడు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. అందరం మాటలు ఆపేశాం. ఉన్నట్టుండి మా పిల్ల, "ఎడం పక్క" అంది, అంతే.

నేను చూశాను. పడవకు ఇంత దగ్గరగా, ఒక పెద్ద వీపు నీళ్లు చీల్చుకుని పైకొచ్చింది. ఉఫ్ అని ఊపిరి వదిలింది. ఆ ఊపిరి మనిషి ఊపిరిలాగే ఉంది.  చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి, కళ్లు వాటంతట అవే మూసుకున్నాయి. కోటప్పకొండ మీద శివరాత్రి జనంలో గంటలకొద్దీ నిలబడి, ఆ త్రికోటేశ్వరుడు కనిపించిన క్షణంలో కళ్లు మూసుకుంటామే, అట్లా. బస్సులో వచ్చినవాళ్లం ఒక్కరూ తక్కువ కాకుండా అందరం అదే పని చేశాం. ఎవరో గోవిందా అన్నారు, అందరూ అందుకున్నారు. కళ్లు తెరిచేటప్పటికి నీళ్ల మీద సుడి మాత్రం తిరుగుతోంది.

మా పిల్ల మా జోడించిన చేతుల వైపు చూసింది. ఫోనులో ఏదో గబగబా రాసుకుని, ఒక్కొక్కరినీ అడిగింది, ఏం చూశారో చెప్పండి అని. ఇంకే మాటా అందించలేదు. ఒకామె మత్స్యావతారం అంది. ఇంకొకామె మెరుపు అంది. నూజెండ్ల ముసలమ్మ మాత్రం స్వామిని నామాలతో సహా చూశానంది.

"కళ్లు మూసుకున్నావు గదా అమ్మమ్మా?"

"మూసుకుంటేనే గదా తల్లీ బాగా కనపడేది."

పడవంతా నవ్వు. మా పిల్ల కూడా నవ్వింది, కానీ నా వైపు తిరిగేసరికి దాని కళ్లలో నవ్వు లేదు. "అత్తా, నువ్వేం చూశావు?" అంది. ఏదో అడగకూడనిది అడుగుతున్నట్టు, మెల్లగా. వీపు చూశాను, తర్వాత నేనూ కళ్లు మూసుకున్నానమ్మా అని చెప్పాను. అప్పుడు చెప్పింది, తల్లి పక్కన పిల్ల ఉంది, నేను చూశాను, ఇంకెవరూ చూడలేదు అని.

అందరూ నొచ్చుకున్నారు. తర్వాత ముసలమ్మే తేరుకుంది.

"దానికెందుకే అంత దిగులు. రాసుకో, మేమందరం చూశామని. గట్టు తగాదాల్లో చూడని సాక్ష్యాలు ఎన్ని చెప్పలా మేము? పాపం, ఇది పసిబిడ్డ కోసం."

మిగతావాళ్లూ వంత పాడారు. కోర్టుకైనా వస్తామన్నారు. నిజం చెప్పాలంటే నా నోటిదాకా కూడా వచ్చింది, రాసుకోవే, పిల్ల ప్రాణం నిలబడుతుంది గదా అని. మా పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని, "అమ్మమ్మా, ఇయ్యాల పిల్ల కోసమని చూడంది రాస్తే, రేపు ఇంకెవరో పడవ ట్రిప్పు కోసమని చూసింది కొట్టేస్తారు. అప్పుడు నేనేం చెప్పను?" అంది. ఫోను నాకు చూపించింది. పెద్దది ఒకటి అని ఉంది. పిల్ల, ఒక్కరే చూశారు, లెక్కలోకి రాదు అని ఉంది.

ఆ క్షణాన ఆ మాడిపోయిన మొహం నాకు ఎంత అందంగా కనిపించిందో చెప్పలేను. తనకు కావలసింది కళ్లారా చూసి కూడా, చూసిన దాన్ని లెక్కలోంచి తీసి పక్కన పెట్టడం ఎంతమందికి చేతనవుతుంది? మా తమ్ముడు విగ్రహం చెక్కేటప్పుడు, అంతా అయిపోయాక కనుబొమ దగ్గర ఒక్క పెచ్చు లేచిందని ఆ రాయిని అమ్మకుండా పెరట్లో పెట్టుకున్నాడు. ఇది వాడి కూతురే.

రేవు చేరాం. ఆడవాళ్లు దిగి బస్సు వైపు వెళ్లారు. నేను మా పిల్ల పక్కనే నిలబడ్డాను. పడవాయన తాడు కట్టి, చేతులు తుడుచుకుని వచ్చాడు. తలొంచుకుని నిలబడ్డాడు.

"నేను చూశాను" అన్నాడు.

మా పిల్ల, ఏం చూశారో చెప్పండి అంది, మమ్మల్ని అడిగినట్టే.

"తల్లికి అవతల పక్క వచ్చింది. ఈ తెడ్డులో సగం ఉంటది. ఒంటి మీద మడత గీతలు ఉన్నాయి, బట్ట మడతపెట్టి తీసినట్టు. ఒక్కసారే లేచింది, సరిగా ఊపిరి కూడా తీసుకోలేదు."

మా పిల్ల ఫోను తీసి నాకు చదివి వినిపించింది. పాయలోనే, ఎవరినీ అడగకముందే రాసుకున్న మాటలు. తల్లికి అవతల. మడత గీతలు. ఒక్కసారి. రెండు మాటలూ ఒకటే.

అయినా ఊరుకోలేదు. ఈ మాట సంఘంలో చెబితే మీరు కూడా ఆ పాయలో మోటారు వేయలేరు, మీ ట్రిప్పు ఒకటి పోతుంది, మీవాళ్లు మిమ్మల్నే అంటారు అని విడమరిచి చెప్పింది. తెలుసన్నాడు. నేను ఉండబట్టలేక అడిగాను, మేమందరం కళ్లు మూసుకుంటే మీరెట్లా చూశారు నాయనా అని.

"మీరు దణ్ణం పెట్టుకున్నారమ్మా. నాకు చుక్కాని వదిలే వీలు లేదు" అన్నాడు. మళ్లీ తనే, "చూసి కూడా చెప్పకపోతే రేపు ఆ పాయలో మోటారు తిప్పడానికి నాకు చెయ్యాడదు" అన్నాడు.

ఆ సాయంత్రమే సంఘం పెద్దల ముందు అదే మాట చెప్పాడట. కొందరు వెటకారం చేశారట, పల్నాడు ఆడవాళ్లను పడవెక్కించుకుని నీకూ భక్తి పట్టిందా అని. ఆయన నవ్వి ఊరుకున్నాడట. పెద్దలు ఇచ్చిన మాట మీద నిలబడ్డారు.

నేను బస్సుతో తిరిగి రాకుండా ఇంకో రెండు రోజులు మా పిల్ల దగ్గరే ఉండిపోయాను. మర్నాడు అదే పడవలో వెళ్లాను. పాయ మొదట్లో ఆయన మోటారు ఆపి గెడ అందుకున్నాడు. ముందూ వెనకా వచ్చే పడవలు కూడా ఆపాయి. అంత నిశ్శబ్దం నేను గర్భగుడిలో కూడా ఎరగను. నీళ్లు గెడకు తగిలే చప్పుడు, ఆయన రొప్పు, అంతే. ఈసారి చేతులు ఒళ్లో పెట్టుకుని, నీళ్లు కారేదాకా కళ్లు తెరుచుకునే కూర్చున్నాను. ఏమీ కనపడలేదు. మా పిల్ల ఏమీ కనపడలేదనే రాసుకుంది. దానికి దిగులు లేదు, నాకూ లేదు.

ఇంటికొచ్చి తమ్ముడికి అంతా చెప్పాను. చివరిదాకా విన్నాడు. తర్వాత, "చానా ఎండగా ఉంటదా అక్కడ?" అని మాత్రం అడిగాడు. తర్వాతి బస్సు బయల్దేరేముందు వచ్చి ఒక పొట్లం ఇచ్చి, డ్రైవరుతో పంపమన్నాడు. చూస్తే మా పిల్లకు ఒక పెద్ద అంచు టోపీ, పడవాయనకు అరచేతిలో పట్టే రాతి డాల్ఫిన్. దాని పక్కన చిన్నది ఇంకొకటి.

ఇప్పటికీ ఏటా ఆ బస్సు వెళుతూనే ఉంది. పోయినసారి డ్రైవరు చెప్పాడు, ఆ డాల్ఫిన్ పిల్ల బతికిందట, పెద్దదైపోయిందట. అయినా ఆ పాయలో మోటారు వేయడం ఎవరూ మళ్లీ మొదలుపెట్టలేదట. ఆ రాతి బొమ్మ ఆయన పడవ ముందు భాగంలో ఉందట. మొన్న శివరాత్రికి కొండ ఎక్కినప్పుడు, జనం తోసేస్తున్నా, నేను కళ్లు తెరుచుకునే స్వామిని చూశాను. ఎంత దయగల రూపమో, ఇన్నేళ్లూ సరిగా చూడనేలేదు.

మీరెవరైనా పూరీ యాత్రకు వెళ్లి ఆ సరస్సులో పడవెక్కితే, రెండు లంకల మధ్య మోటారు ఆగి, గెడ నీళ్లలో దిగుతున్న చప్పుడు వినపడితే, డాల్ఫిన్ కనపడినా కనపడకపోయినా సరే, అందరూ కళ్లు మూసుకున్నప్పుడు చుక్కాని వదలకుండా చూసి, చూసింది చెప్పిన ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి.